సంచికి రెండు మొక్కలు

ఆ ల్యాబులో కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు తప్పకుండా మోసపోయేవారు. "తాళాలు పొట్టక్క దగ్గరుంటాయి, వెళ్లి అడుగు" అంటే, పొట్టిగా ఉండే మనిషి కోసం వరండా అంతా వెతికి, చివరికి గుమ్మానికి తల తగలకుండా వంగి బయటికొచ్చే ఆవిడను చూసి తెల్లమొహం వేసేవారు. పొట్టక్క నిచ్చెనంత పొడుగు. ఆ పేరు పొట్టి నుంచి రాలేదు, పొట్టు నుంచి వచ్చింది. చెక్కకు చిల్లు పెట్టి పొట్టు తీయడం ఆవిడ పని. కనుబొమల మీద పొట్టు, కోటు జేబుల్లో పొట్టు, చెప్పుల్లో పొట్టు. ఇంట్లో అన్నంలో కూడా పొట్టు తగులుతోందని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పేది. అది మాత్రం అబద్ధం.

ఆ ఉద్యోగం ఆవిడకు చదివితే వచ్చింది కాదు, మొగుడు పోతే వచ్చింది.

మొగుడు అటవీశాఖలో పనిచేసేవాడు. ఆయన్నీ ఎవరూ పేరుతో పిలవలేదు, జంటాయన అనేవారు. మొదట్లో ఆయన పని నర్సరీలో. అక్కడ ఒక్కో మొక్కల సంచిలో రెండు గింజలు పెడతారు, ఒకటి పుచ్చిపోయినా ఇంకొకటి మొలుస్తుందని. రెండూ మొలిస్తే, నీరసంగా ఉన్నదాన్ని పీకి పారేయాలి. నర్సరీలో అడుగుపెట్టినవాడికి మొదటి పాఠం అదే. జంటాయన ఆ మొదటి పాఠం దగ్గరే ఆగిపోయాడు. "మొలవడమే దాని తప్పా?" అని రెండోదాన్ని కూడా వదిలేసేవాడు. అధికారి వచ్చి చీవాట్లు పెడితే తల వంచుకుని వినేవాడు, జీపు మలుపు తిరగ్గానే మళ్లీ రెండింటికీ నీళ్లు పోసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మొండితనానికి మాత్రం లోటు లేదు.

పెళ్లయిన కొత్తలో ఆవిడ కూడా పక్కన కూర్చుని సంచుల్లో మట్టి నింపేది. ఆఫీసు పంపే గింజలంటే ఆయనకు చులకన. నల్లచేవ మొక్కలు పెంచాలంటే తనే కొండెక్కి, వాగు ఒడ్డున ఉన్న తల్లిచెట్ల కింద రాలిన గింజలు ఏరుకొచ్చేవాడు. నల్లచేవ పైకి మామూలు చెట్టే. కోస్తే లోపలి చేవ నల్లగా నిగనిగలాడుతుంది. కొనేవాళ్లు ఎగబడి కొంటారు, దొంగలు ఎగబడి కొడతారు. మొక్కలు ఎదిగాక, అడిగినవాళ్లకల్లా బండికెత్తి పంపేవారు. వాళ్లకు పిల్లల్లేరు. అత్తగారు నర్సరీకి వచ్చినప్పుడల్లా వరసగా పేర్చిన సంచులు చూసి, "ఇంట్లో ఒకటీ లేదు గానీ, సంచికి రెండేసి" అనేది. అన్నది కొడుకుని, తగిలేది కోడలికి. ఆవిడ విననట్టే మట్టి నింపుతూ కూర్చునేది.

జుట్టు నెరిశాక ఆయన్ను గార్డుని చేసి ఆ కొండ మీదికే వేశారు. ఆయనకు అంతకంటే కావలసింది లేదు. చెట్లను పేరుపేరునా పలకరిస్తాడని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. ఒక వానాకాలం ఉదయం కొండ మీద ఆయన శవం దొరికింది. ఛాతీ మీద ఒక ఎండు చెట్టు అడ్డంగా పడి ఉంది.

అదే రోజు కొండ కింద రోడ్డు మీద ఒక లారీ పట్టుబడింది. నిండా నల్లచేవ దూలాలు. బెరడు తీసి, నాలుగు పక్కలా చెక్కినవి. కలప అడితి యజమాని వచ్చి అనుమతి కాగితాలు చూపించాడు. "మా తోటలో చెట్లు సార్, మా నాన్న నాటినవి" అన్నాడు. అప్పటి రేంజి అధికారి నమ్మలేదు. కేసు రాసి దూలాలు స్వాధీనం చేసుకున్నాడు. వెంటనే ఆయనకు బదిలీ అయింది, కేసు కోర్టులో మూలబడింది. వచ్చిన కొత్తాయన అన్నీ అతికినట్టు సరిపెట్టాడు. కలప తోటది కాబట్టి కొండ మీద దొంగతనం జరగలేదు. దొంగతనం జరగలేదు కాబట్టి దొంగలు లేరు. దొంగలు లేరు కాబట్టి గార్డుని ఎవరూ చంపలేదు. ఎండు చెట్టు విరిగిపడింది, మనిషి తప్పుకోలేకపోయాడు. ఎందుకు తప్పుకోలేకపోయాడన్న ప్రశ్న వస్తుందని ముందే ఒక ముక్క చేర్చాడు: తాగి ఉన్నట్టున్నాడు. జంటాయన జన్మలో టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు.

కొండ మీది మోళ్లు చూస్తే ఏ దూలం ఏ మోడుదో తేలేదేమో. కానీ తరువాతి ఎండాకాలం కొండ తగలబడింది. మోళ్లన్నీ బొగ్గయ్యాయి. ఎవరు తగలబెట్టారో దేవుడికే తెలియాలి. వాగు ఒడ్డున తడి ఉండబట్టి ఆ తల్లిచెట్లు మాత్రం మిగిలాయి.

అత్త ముందు ఏడ్చింది, తరువాత తిట్టింది, ఆ తరువాత వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

"నా కొడుకు తాగుబోతు కాదు. వాణ్ణి చంపారు. అలా రాయండి."

"ఏం చూసి రాయమంటావమ్మా? సాక్ష్యం ఉండాలి కదా" అన్నాడు గుమాస్తా.

"ఆ దూలాల్నే అడగండి. ఎక్కడ పుట్టాయో అవే చెప్తాయి."

ఆఫీసంతా నవ్వింది.

పోయినాయన ఉద్యోగం బదులు భార్యకు ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి, పట్నంలో కలప పరీక్షలు చేసే ల్యాబులో ఊడ్చే పనిలో వేశారు. అత్తను వెంటబెట్టుకుని ఆవిడ పట్నం చేరింది. ఇరుకు సందులో, మేడ మెట్ల కింద ఒక గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అత్త మంచం ఒక మూల, పొయ్యి ఇంకో మూల, మధ్యలో ఆవిడ చాప.

ల్యాబు పెద్దను అందరూ మేడమ్ అనేవారు. మనిషి ముక్కుసూటి, మాట పొదుపు. ఒకరోజు ఆవిడ బల్లల కింద ఊడుస్తుంటే, మేడమ్ ఎవరితోనో ఫోన్లో అంటోంది: "చెక్క ముక్క ఇస్తే అది ఏ అడవిదో చెప్పే పద్ధతి తయారుచేస్తున్నాం." చీపురు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఫోన్ పెట్టేసేదాకా నిలబడి అడిగింది.

"మేడమ్, చెక్క నిజంగా చెప్తుందా?"

మేడమ్ కుర్చీ ఆవిడ వైపు తిప్పింది. "మీ వీధిలో ఎవరి పిల్లాడో పరిగెడుతుంటాడు. చూడగానే ఫలానా వాళ్లబ్బాయి కదూ అంటారా, అనరా?"

"అంటాం. ముక్కు చూసి పట్టేస్తాం."

"చెట్లకూ అలాంటి ముక్కు ఉంటుంది. కంటికి కనపడదు, అంతే. ఒక కొండ చెట్లది ఒక తీరు, ఇంకో కొండ చెట్లది ఇంకో తీరు. ఆ గుర్తుల్ని మార్కర్లంటాం. అన్ని అడవుల నుంచీ ఆకులు తెప్పించి, ఎక్కడిది ఏ తీరో ముందు మనం తెలుసుకోవాలి. అప్పుడు ఏ చెక్క వచ్చినా పోల్చి చెప్పొచ్చు."

ఆ రోజు నుంచి ఆవిడ చీపురు తొందరగా ముగించి డ్రిల్లు దగ్గర చేరేది. ఆకుల్లోంచి డీఎన్ఏ తీయడం తేలిక, ఎండిన చేవలోంచి తీయడం చచ్చేంత కష్టం. చేవ అంటే చెట్టులో ఎప్పుడో చచ్చిపోయిన భాగం. అందులో మిగిలేది తునకలు తునకలైన డీఎన్ఏ, దానికి తోడు జిగురు. ముందు పైపొర చెక్కేయాలి, లేకపోతే ముట్టుకున్నవాళ్ల చేతి మురికి అంతా అందులోకి వస్తుంది. తరువాత డ్రిల్లు మెల్లగా, ఆగి ఆగి తిప్పాలి. తొందరపడితే చెక్క వేడెక్కుతుంది. పొగ లేచిందంటే ఉన్న కాస్తా మాడిపోయినట్టే. కుర్రకారు పొగ లేపేవారు, మేడమ్ పళ్లు నూరేది. ఆవిడ చేతిలో పొగ లేచేది కాదు. అలా చీపురు పోయి పొట్టు వచ్చింది. పొట్టును గడ్డకట్టించి, నూరి, కడిగి, మళ్లీ కడిగి చూస్తే చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. మేడమ్ మార్కర్లు తయారుచేసేది, అవి పెద్ద తునకల మీద తప్ప పనిచేయవని తేలేది, వాటిని పారేసి ఇంకా చిన్న తునకల మీద పనిచేసేవి వెతికేది. ఏళ్లు అలాగే గడిచాయి.

సాయంత్రం ఇంటికెళ్లగానే అత్త అడిగే మాట ఒక్కటే.

"ఏమే, చెట్టు నోరు విప్పిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"మూగదాన్ని పట్టుకున్నట్టున్నారు."

అత్త రానురాను మంచానికి అంటుకుపోయింది. చూపు మందగించింది, వినికిడి తగ్గింది, ఆ ప్రశ్న మాత్రం తగ్గలేదు. కొడుకు మీద పడిన తాగుబోతు మాట తుడిచేస్తే తప్ప తను పోయేది లేదని పక్కింటివాళ్లకు చెప్పేసింది. పొట్టక్క బతుకుకూ వేరే ఆశ లేదు. ఆయన్ను చంపారని తనకు తెలుసు. ఎండు చెట్టు కింద నిలబడే మనిషి కాదాయన. దూలాలు కొండవని ఒక్కసారి కాగితం మీద పడితే మిగతా కేసంతా దానంతటదే తిరగబడుతుంది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ పొద్దున్నే లేచేది.

చివరికి మార్కర్లు కుదిరాయి. ఏ అడవివో ముందే తెలిసిన చెక్కల్ని ఇచ్చి చూస్తే అన్నింటినీ సరిగ్గా పట్టేశాయి. కోర్టు లారీ కేసు దూలాల ముక్కలు పంపింది. చిల్లులు ఆవిడే పెట్టింది. ఒక్కదానికీ పొగ లేవలేదు. పోల్చడానికి కొండ నుంచి తెచ్చిన ఆకులు వాగు ఒడ్డు తల్లిచెట్లవి. అవీ ఆవిడ వెళ్లి కోసుకొచ్చినవే.

ఫలితం వచ్చిన రోజు మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చింది. "పొట్టక్కా, కలిశాయి. అన్నీ ఆ కొండవే. ఇంత బాగా కలవడం నేనింతవరకూ చూడలేదు."

ఆవిడ అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. ఇంటికెళ్లి అత్త చెవిలో గట్టిగా చెప్పింది. ముసలామె పళ్లులేని నోటితో నవ్వి, "వాళ్లు నవ్వారు గదే. ఇప్పుడు నవ్వమను" అంది. ఆ గదిలో నవ్వు వినపడడం పక్కింటివాళ్లకు కొత్త.

కానీ మేడమ్ పని సగంలో వదిలే మనిషి కాదు. "వాళ్ల ప్లీడరు తోట గురించి అడుగుతాడు. తోటలో చెట్లు కూడా పరీక్షించాం, అవి వేరే రకమని చూపిస్తే ఇక నోరెత్తలేడు" అంది. ఆ మాట న్యాయంగానే తోచింది. కోర్టు అనుమతి తెచ్చుకుని, కోర్టు అమీనుతో సహా వ్యానులో బయల్దేరారు. దారిలో ఇంకో కేసు కోసం వేరే తోట దగ్గర ఆగి ఆకులు కోసుకున్నారు. ఆ కవర్లు పొట్టక్క ఒళ్లోని పెట్టెలోనే ఉన్నాయి.

తోట దాదాపు లేదు. కొట్టినంత మేరా మోళ్లు పెకలించి, దున్నించి ఏదో పైరు వేశాడు అడితి యజమాని. గట్టు మీద ఒక్క వరస మిగిలింది. ఆయన ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. నెమ్మదైన మనిషిలాగే మాట్లాడాడు. పొట్టక్క పెట్టె పట్టుకుని గట్టెక్కింది, తలెత్తి చూసింది.

ప్రతి చెట్టూ రెండు. మొదట్లో అంటుకుని, పైకి పోయేకొద్దీ విడిపోయి, జంటలు జంటలుగా నిలబడి ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కటి కూడా ఒంటరిగా లేదు.

"విచిత్రంగా ఉన్నాయి కదమ్మా" అన్నాడు యజమాని పక్కకు వచ్చి. "మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. నర్సరీలో ఎవరో ఒకాయన ఉండేవాడట, ఒకటి అడిగితే రెండిచ్చే గవర్నమెంటు మనిషిని జన్మలో అతన్నొక్కణ్ణే చూశానని."

ఆవిడకు ఆ బండి గుర్తొచ్చింది. నర్సరీ గేటు ముందు ఆగిన ఎద్దుబండి, తలపాగా తీసి నమస్కారం పెట్టిన పెద్దమనిషి. సంచులు కింద నుంచి అందించింది తనే. జాగ్రత్తగా సర్దండి, వేరు కదిలితే బతకవని చెప్పిందీ తనే. ఆ గింజలు వాగు ఒడ్డువి. ఈ చెట్లు ఆ తల్లుల పిల్లలు. ముక్కు అదే వస్తుంది, ఇంకెలా వస్తుంది?

అమీను నీడలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మేడమ్ ఫోన్లో ఉంది. చేతిలోని పెట్టెలో ఇంకో తోట ఆకులున్నాయి. కవరు మీద పేరు మార్చితే అడిగేవాడు లేడు. ఆవిడ చెయ్యి పెట్టె మూత మీదికి వెళ్లింది, అక్కడే చాలాసేపు ఉండిపోయింది. అబద్ధం రాసి ఆయన్ను తాగుబోతుని చేశారు. ఇప్పుడు ఇంకో అబద్ధంతో ఆయన్ను నిలబెట్టాలా? ఆ మాటకంటే ఇంకో మాట ఆవిడను ఎక్కువ పిండేసింది. లారీలో దూలాలు నిజంగా ఈ తోటవే అయితే? ఇన్నేళ్లలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అంత బాగా కలిశాయని మేడమ్ ఆశ్చర్యపడింది. తల్లులతో పిల్లలు అలాగే కలుస్తారు.

పెట్టె తెరిచి, కొత్త కవర్లు తీసి, జంటకు రెండు వైపులా ఆకులు కోసింది. వ్యాను కదిలాక మేడమ్‌కి అంతా చెప్పింది. దాచలేదు, ఏడవలేదు.

మేడమ్ కవర్ల మీది పేర్లు ఒక్కొక్కటే చదివి పెట్టె మూత వేసింది. "ఎవరి బిడ్డో చెప్తుంది పొట్టక్కా. ఎక్కడ పెరిగిందో చెప్పదు. మన మార్కర్లకు అది చేతకాదు."

"చెట్టు వయసు చూసి చెప్పలేమా?"

"దీనికి ఏటేటా గీతలు పడవు. పైగా చెక్కేసిన దూలాలు, చుట్టుకొలత కూడా తెలియదు. మట్టిలో ఉండే గుణం చెక్కలోకి ఎక్కుతుందంటారు, దాన్ని చూసే యంత్రం మన దగ్గర లేదు. ఉన్నా, ఆ కొండ కాలిపోయింది, ఈ నేల దున్నేశారు. దేంతో పోలుస్తాం?"

ఫలితం అనుకున్నట్టే వచ్చింది. కొండ, తోట, దూలాలు, మూడూ ఒకే ఇల్లు. మేడమ్ ఉన్నదున్నట్టు రిపోర్టు రాసింది. కోర్టులో ప్లీడరు పెద్దగా కష్టపడలేదు.

"ఈ కలప కొండదని చెప్పగలరా?" అని మేడమ్‌ని అడిగాడు.

"చెప్పలేం."

"తోటది కాదని చెప్పగలరా?"

"చెప్పలేం."

ఆయన థాంక్యూ అని కూర్చున్నాడు. కేసు కొట్టేశారు. ఎండు చెట్టు విరిగిపడిందన్న మాటా, తాగి ఉన్నట్టున్నాడన్న మాటా అలాగే ఉండిపోయాయి. అవే మార్కర్లతో ఆ ఏడాది వేరే అడవుల కేసులు గెలిచారు. పేపర్లో మేడమ్ ఫోటో పడింది. ఫోటోలో ఆవిడ నవ్వలేదు.

స్వాధీనంలో ఉన్న దూలాలు ఎక్కించుకున్నాక లారీ ల్యాబుకు కూడా వచ్చింది. చిల్లులు పడ్డ ముక్కలు కూడా యజమానికి అప్పగించాలి. పొట్టక్క ఒక్కొక్కటే మోసుకొచ్చి వరండాలో పెట్టింది. ఆయన వాటిని తిప్పి చూసి, "చిల్లులున్నవి ఏం చేసుకుంటాను, మీరే ఉంచుకోండమ్మా" అన్నాడు. ఆ గట్టు మీది వరస కూడా వచ్చే ఎండాకాలం కొట్టించేస్తున్నానని, జంట చెట్లయితే దూలాలు వంకరొస్తాయని, మాటల్లో మాటగా చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వదిలేసిన ముక్కల్లో ఒకదాన్ని ఇప్పటికీ ల్యాబు తలుపు మూసుకోకుండా అడ్డం పెడుతుంటారు. పొట్టక్క దాన్ని దాటుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతుంది. మొదట్లో కింద చూసి అడుగు వేసేది, ఇప్పుడు చూడదు.

కేసు పోయిన రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి నడిచే వెళ్లింది. మెట్ల కింద గదిలో దీపం వేసి, అత్తను లేపి కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు పెట్టింది. ముసలామె నమలడం ఆపి అడిగింది.

"కోర్టన్నావు గదే ఇవాళ. చెట్టు నోరు విప్పిందా?"

"విప్పిందత్తయ్యా."

"ఎవడి పేరు చెప్పింది?"

ఆవిడకు అబద్ధం నోటిదాకా వచ్చింది. రేపోమాపో పోయే మనిషి, ఏ పేరు చెప్పినా నమ్మి కళ్లు మూసేది. కానీ ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకు ఆవిడ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"మీ అబ్బాయి పేరే చెప్పింది. ఆ తోటలో చెట్లు మన సంచుల్లోవే అత్తయ్యా. కొండ గింజలే. కొండవో తోటవో ఇక ఎవరూ తేల్చలేరట."

వినపడిందో లేదో తెలియలేదు. ముసలామె నోట్లో మిగిలిన ముద్ద మెల్లగా నమిలి మింగింది.

"సంచికి రెండేసి" అంది చివరికి.

నీళ్లు తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తరువాత ఇంకా రెండు చలికాలాలు బతికింది. చెట్టు గురించి మళ్లీ ఎప్పుడూ అడగలేదు.